కె కాడ ఆగిన బుక్కు

సోంపేట ఆస్పత్రిలో నాలుగు గంటలు
కుడిసెయ్యి మిసనుది. ఎడంసెయ్యి నాది.
ఆ ఎడంసేత్తోనే తిప్పుతాను
పలాస తుక్కుకొట్టోడు కాటా ఏసి ఇచ్చిన
ఇంగిలీసు మాటల బుక్కు.
అట్ట నేదు. తొలి పేజీ మీద నీలం సిరా:
బి. కామేశ్వరి, ఎనిమిది బి.
కామేశ్వరమ్మా, ఎక్కడున్నావో గానీ
కస్టర్డ్ యాపిల్ కింద నువ్వు గీసిన గీత
ఇంకా సెరగనేదు. సీతాఫలమట.
నువ్వెప్పుడు నేర్సుకున్నావో, నేను మొన్న మంగలారం.

నేను ఆరు దాకా సదివి సెట్టెక్కినాను.
ముప్పై నాలుగేల్లు ఎక్కినోడికి
ఇందులో ఒకటే లైను:
కోకోనట్, నామవాచకం, కొబ్బరికాయ.
మొవ్వు కాడ గాలెలగుంటాదో నేదు.
గెల తెగినప్పుడు సెట్టు ఒల్లు ఇదిలించుకుంటాది,
అది కాల్లకి తెలుస్తాది, ఆ సంగతీ నేదు.
సర్లే, రాసినోల్లు ఎక్కినారేటి.

నా రోగం ఎతుకుదామని మొదట డి తీసినాను.
డయలెక్ట్: యాస.
డయలాగ్: సంభాషణ.
ఆపైన డయామీటర్.
నడుమ ఉండాల్సిన మాట నేదు.
ఈ బుక్కు అచ్చేసిన నాటికి
మా ఉద్దానం నీల్లు ఒట్టి నీల్లేనేమో.
"యాస" అని పైకి సదివితే
మిసను సూసే కుర్రోడు నవ్వినాడు.
గుంటూరు దిక్కోడు, నేను నేదంటే ఆడికి నవ్వు.
మంచోడే. సూది బాగా గుచ్చుతాడు.

ఇంకోనాడు కె.
కిడ్: మేకపిల్ల.
కిడ్నాప్: ఎత్తుకుపోవుట.
కిడ్నీ: మూత్రపిండము; స్వభావము, గుణము.
కిల్: చంపుట.
రెండుసార్లు సదివినాను.
ఎత్తుకుపోడానికీ సంపడానికీ మద్దిని
ఇరుక్కుని కూకున్నాది,
కవిటి బస్సులో ముగ్గురి సీట్లో నడుమోడిలాగ.
గుణమని కూడానట!
పక్క మంచం లోకోజీకి సెప్పినాను.
"అయితే మనూరోల్లందరిదీ ఒకటే గుణంరా"
అని నవ్వబోయి దగ్గినాడు.

కిల్ కింద కిల్న్, బట్టీ.
జీడిపిక్కలు కాల్సేదే కాబోలు,
మా దాలమ్మ ఏల్లు నల్లబడిపోనాది దాని కాడే.
బట్టీ కింద కిన్, సుట్టాలు.
సుట్టాల కింద కైండ్, రెండర్థాలు: దయ, రకము.
దయ ముందేసి రకం ఎనకేసినారు.
పింఛను కాయితాల ఆఫీసులో
తిరగేసి సదువుతారు.

డబ్ల్యూ తియ్యకూడదని ఒట్టేసుకున్నాను.
రోజుకి రెండు గలాసులు నాకు.
బుక్కులో నీల్లకి నిండా ఒక వరస:
వాటర్‌ఫాల్, వాటర్‌మెలన్, వాటర్ లిల్లీ,
సదూతుంటే నాలిక అంగిట్లో అతుక్కుపోతాది.
ఆ పేజీ మూల మడిసున్నాది.
కామేశ్వరి కాదు, మడిసింది నేనే.

నిన్న సిస్టరమ్మనడిగి పెన్నుచ్చుకున్నాను.
డి కాడ, సంభాషణ పక్కన అంచులో
ఎడంసేతి వంకర అచ్చరాలు:
డయాలిసిస్: వారానికి రెండు మార్లు
రగతం బయటికి పనికెల్లి
సాయంత్రానికి ఇల్లు సేరుట.
"సేరుట" కాడ పెన్నాగినాది.
ఒకోపాలి ఆలస్యమవుతాదని రాద్దామంటే
అంచు సాల్నేదు.

బస్సు దిగితే దాలమ్మ మాటడుగుతాది.
పల్లీలు తెచ్చినట్టు ఒకటి తెస్తానుగా.
మొన్న హర్రీ తెచ్చినాను, తొందర.
దాన్ని పెయ్యకి పేరెట్టేసినాది.
"హర్రీ, ఇలగ రాయే, సీకటడిపోతాది"
అంటాది తాడట్టుకుని.
అది రాదు.
కల్లంలో నిలబడి
నెమ్మదిగా, మా ఇద్దరికేసీ సూస్తా,
నములుతుంటాది.